జిప్పులక్క ఫోను నంబరు

ఆమెకు జిప్పులక్క అని పేరు పెట్టింది ఎవరో ఎవరికీ తెలియదు. చొక్కాలు కుడుతుంది, పొడుగైన ప్యాంట్లు మడిచి కుడుతుంది, ఆసుపత్రి నర్సుల కోట్లకు చిరిగిన జేబులు మారుస్తుంది, కర్టెన్లకు అంచులు వేస్తుంది. ఇన్ని చేసినా జనం నోట నానింది మాత్రం జిప్పులే. పళ్ళు ఊడిన జిప్పు, పట్టు తప్పిన రన్నరు, ఎవరు ఏది పట్టుకొచ్చినా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఒకసారి చూసి, "కూర్చోండి, అయిపోతుంది" అనేది. అన్నట్టే అయిపోయేది.

నలభై ఏడేళ్ళు ఆమెకు. ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కి కుడి మోకాలు పట్టేసింది. భర్త నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. వీధి వీధీ తిరిగి, గేటు పక్కన వంగి, మీటరు మీది దుమ్ము తుడిచి అంకెలు రాసుకుంటాడు. ఒక్కతే కూతురు, కళ్ళజోళ్ళ షాపులో కౌంటరు దగ్గర పని. సాయంత్రం ముగ్గురూ ఇల్లు చేరేసరికి ఎవరి నొప్పి వాళ్ళది. ఆయనకు నడుము, ఈమెకు మెడ, రోజంతా నిలబడిన పిల్లకు పాదాలు. వేడినీళ్ళ బకెట్టు కోసం వంతులు వేసుకునేవాళ్ళు.

చాలా ఏళ్ళు ఇంటి ముందుగదిలోనే కుట్టింది. రెండేళ్ళ క్రితం బస్‌స్టాపుకి ఎదురుగా ఒక చిన్న షాపు అద్దెకు తీసుకుంది. ఒక మిషను, అంచులు కొట్టే ఒక ఓవర్‌లాక్ మిషను, కత్తిరించే బల్ల, ఇస్త్రీ చెయ్యడానికి ఒక మూల, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక స్టూలు పడితే ఇంకేమీ పట్టదు. అంతకుముందు అందులో ఒక కొరియరు కంపెనీ బ్రాంచి ఉండేది. వాళ్ళు దాన్ని ఎత్తేసి ఊరి అవతల ఉన్న పెద్ద ఆఫీసులో కలిపేశారు. బోర్డు తీసేసినచోట గోడ మీద లేత రంగు మరక మాత్రం మిగిలింది. షాపు తెరిచినరోజున కూతురు ఫోనులో ఏదో నొక్కి, "ఇప్పుడు మ్యాపులో కూడా నువ్వు కనబడతావమ్మా. నీ నంబరు కూడా పెట్టాను" అంది. ఆ నంబరు ఆమెకు పదహారేళ్ళుగా ఉంది. పలకడానికి తేలిక, ఒకసారి వింటే మర్చిపోరు. మ్యాపులో కనబడటమంటే ఏమిటో జిప్పులక్కకు అంతగా తెలియలేదు. పిల్ల సంతోషపడిందని తనూ సంతోషపడింది.

ఒక వానాకాలం పొద్దున మొదటి ఫోను వచ్చింది.

"కొరియరేనా?"

"కాదండీ, టైలరు షాపు."

"టైలరు షాపేంటి? నా పార్సిలు నాలుగు రోజుల నుంచి దారిలో ఉంది, దారిలో ఉంది అని చూపిస్తోంది. ఏ దారిలో ఉందండీ అది?"

రాంగ్ నంబరు అనుకుని పెట్టేసింది. ఆ రోజు అలాంటివే మరో మూడు వచ్చాయి. వారం తిరిగేసరికి రోజుకు ముప్పై, నలభై అయ్యాయి. ఆదివారం కూతురు ఫోను తీసి వెతికి, తల పట్టుకుంది.

"అమ్మా, నువ్వు కొరియరు కంపెనీవి అయిపోయావు."

సంగతి ఇదీ. మ్యాపులో ఆ పాత బ్రాంచి పేరు ఇంకా అక్కడే ఉంది. ఒకేచోట రెండు షాపులు కనబడేసరికి, ఎవరో పుణ్యాత్ముడు రెండూ ఒకటేననుకుని కలిపేసి, కొరియరు పేరు ఉంచి జిప్పులక్క నంబరు అంటించాడు. కొరియరు వాళ్ళ కంప్యూటరులో కూడా బ్రాంచి పేరు మారలేదు కాబట్టి, ఆ చుట్టుపక్కలకు వచ్చే ప్రతి పార్సిలూ ఆ బ్రాంచి పేరుతోనే చూపిస్తోంది. పార్సిలు రానివాళ్ళందరూ నంబరు వెతుకుతారు. దొరికేది ఈమె.

కూతురు తప్పు దిద్దమని మ్యాపు వాళ్ళకు రాసింది. 'మీ సవరణ అందింది, పరిశీలిస్తున్నాం' అని జవాబు వచ్చింది. మళ్ళీ రాసింది. మళ్ళీ అదే జవాబు. మూడోసారి రాసినప్పుడు జవాబు కూడా రాలేదు. జిప్పులక్క ఒకరోజు షాపు మూసి, రెండు బస్సులు మారి కొరియరు పెద్ద ఆఫీసుకు వెళ్ళింది. కౌంటరులో ఉన్నతను తల ఎత్తి చూసి, "ఆ నంబరు మాది కాదు మేడం" అన్నాడు.

"మీది కాదనే కదా నేను వచ్చింది."

"మాది కాని నంబరు గురించి మేమేం చేస్తాం చెప్పండి?"

జిప్పులక్క మళ్ళీ రెండు బస్సులు మారి ఇంటికి వచ్చింది.

ఫోను ఎత్తకుండా ఉండలేదు. ఏ ఫోను కొరియరుదో, ఏది కోటు ఎప్పుడిస్తావని అడిగే నర్సుదో ఎత్తితే గాని తెలియదు. ఎత్తినప్పుడల్లా మిషను ఆపాలి. కాలరు కుట్టేటప్పుడు మధ్యలో ఆగితే, ఆగినచోట కుట్టు చెప్పేస్తుంది. విప్పి మళ్ళీ కుట్టాలి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పని సాగించడం నేర్చుకుంది. దాంతో మెడనొప్పి వీపులోకి దిగింది. ఫోను చేసినవాళ్ళలో తిట్టేవాళ్ళే ఎక్కువ. "మీలాంటివాళ్ళ వల్లే కంపెనీలకు చెడ్డపేరు" అని ఒకావిడ పావుగంట దులిపేసింది. జిప్పులక్క ఆ పావుగంటలో ఒక ప్యాంటు కాలు పూర్తి చేసుకుని, ఆఖరున "అయ్యిందా అమ్మా?" అని అడిగింది.

తిట్లకు అలవాటు పడిపోయింది. అలవాటు పడలేనిది ఇంకొకటి ఉంది. ఆమె అడగకుండానే జనం అన్నీ చెప్పేసేవాళ్ళు. ఇంటి నంబరు, ఏ అంతస్తు, పగలు ఇంట్లో ఎవరూ ఉండరన్న సంగతి, తాళంచెవి ఏ పూలకుండీ కింద పెడతారో, పార్సిలులో ఉన్నది ఏ జబ్బు మందో, అది ఏ బంధువులకు తెలియకూడదో. "హలో" అనడం ఆలస్యం, గంప దించినట్టు అన్నీ ఆమె ఒళ్ళో దించేసేవాళ్ళు.

ఒకరోజు ఒక పెద్దాయన ఫోను చేశాడు. గొంతు నిదానంగా, ప్రతి అక్షరం విడివిడిగా పలికే గొంతు.

"కొరియరు వాళ్ళే కదమ్మా? రాసుకో. నాలుగు, ఏడు..."

"ఏంటండీ అవి?"

"నా ఫోనుకి ఇప్పుడే వచ్చిన నంబరు. అది చెప్తేనే పార్సిలు ఇస్తామన్నారు."

"ఎవరన్నారు?"

"ఇందాక మీ ఆఫీసు నుంచి చేసినాయన. బ్యాంకు కార్డు వెనకాల మూడంకెలు కూడా అడిగాడు, చెప్పాను. ఇది చెప్పేలోపు ఫోను కట్టయింది. ఆయన నంబరు ఫోనులో ఎక్కడ చూడాలో తెలియలేదు. వెతికితే మీది దొరికింది."

జిప్పులక్క పాదం మిషను మీద నుంచి తీసేసింది. "అయ్యా, ఆ నంబరు నాకు చెప్పకండి. ఎవరికీ చెప్పకండి. లేచి బ్యాంకుకి వెళ్ళి కార్డు ఆపించండి. ఇప్పుడే."

"మరి నా పార్సిలు?"

"అసలు మీరు ఏమైనా తెప్పించుకున్నారా?"

అవతల ఏవో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"లేదనుకుంటానమ్మా" అన్నాడాయన.

ఆయన ఒక రిటైరైన హెడ్మాస్టరు. సమయానికి కార్డు ఆగింది. మర్నాడు ఫోను చేసి, ఇన్నేళ్ళు పిల్లలకు పాఠం చెప్పి ఇలా మోసపోబోయానని సిగ్గుపడ్డాడు. జిప్పులక్క ఆయన్ని ఓదార్చడానికి ఇంకో పది నిమిషాలు మిషను ఆపుకుంది.

అప్పటి నుంచి ఫోను ఎత్తగానే ఒకటే పాట. "ఇది కొరియరు కాదండీ. మీ అడ్రసు చెప్పకండి. ఫోనుకి వచ్చిన నంబరు చెప్పకండి. కార్డు సంగతి అసలే చెప్పకండి." రోజుకు నలభైసార్లు చెప్పి చెప్పి సాయంత్రానికి గొంతు జీరబోయేది. అందులోనూ కొందరికి అనుమానం. "ఎందుకు చెప్పకూడదు? ఏం దాస్తున్నారు మీరు?" అని నిలదీసేవాళ్ళు.

"వదిలెయ్యవే. చెప్తే చెప్పనీ, విని ఊరుకో" అన్నాడు భర్త ఒకసారి.

"వినడమే బరువుగా ఉంది" అంది జిప్పులక్క.

దానికి కారణం ఉంది. ఆమెకు పని నేర్పిన ముసలి టైలరు చాలా కచ్చితమైన మనిషి. నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఆమె ఒక లావుపాటావిడ నడుము కొలిచి, అంకె గట్టిగా పైకి చదివింది. షాపులో ఉన్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆయన అందరూ వెళ్ళాక టేపు ఆమె చేతిలోంచి తీసుకుని, "కొలత నాకు మాత్రమే వినబడాలి. ఆవిడ మన ముందు చేతులెత్తి నిలబడింది, చూశావా? అలా ఎంతమంది దగ్గర నిలబడుతుందనుకున్నావు?" అన్నాడు. ఆ నెలంతా ఆమెను టేపు ముట్టనివ్వలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా జిప్పులక్క ఎవరి కొలతా ఇంకొకరి ముందు పలకలేదు. అక్కాచెల్లెళ్ళు కలిసి వచ్చినా విడివిడిగా రాసుకునేది. అలాంటి మనిషికి ఊళ్ళోవాళ్ళ తాళంచెవుల సంగతి నెత్తిన పడితే ఎలా ఉంటుంది?

కాని ఆమె తనకు తెలియకుండానే ఒక పొరపాటు చేస్తోంది. ఫోను భుజం మీద ఉన్నా, కుడిచెయ్యి పక్కన అట్ట ఊడిన కొలతల పుస్తకం, పెన్సిలు ఎప్పుడూ ఉంటాయి. చెవిన అంకె పడితే చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ముప్పై ఏళ్ళ అలవాటు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఒకమ్మాయి ఫోను చేసింది. గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గబగబా మాట్లాడింది.

"అండీ, నాకో పార్సిలు వచ్చింది మీ బ్రాంచికి. మా అక్క నా సర్టిఫికెట్లు పంపింది. ల్యాబులో ఉద్యోగానికి ఈ శుక్రవారంలోపు చూపించాలి. నా అడ్రసు..." అని ఇంటి నంబరుతో సహా మొత్తం చెప్పేసింది. "ఇంటికి పంపకండి, నేనే వచ్చి తీసుకుంటాను. ఇంకొకటి. ఎవరైనా వచ్చి ఈ పార్సిలు ఏ ఇంటికని అడిగితే చెప్పకండి. మా ఆయననని చెప్పినా సరే. ఆయనకైతే అసలే చెప్పకండి."

జిప్పులక్కకు మధ్యలో దూరడానికి సందు దొరకలేదు. "అమ్మా, ఇది కొరియరు కాదు. నేను టైలర్ని. నీ పార్సిలు పెద్ద ఆఫీసులో ఉంటుంది."

ఆ అమ్మాయి చాలా మెల్లగా అడిగింది. "అయితే ఇప్పుడు నేను ఎవరికి చెప్పాను?"

"ఎవరికీ చెప్పలేదనుకో తల్లీ" అంది జిప్పులక్క. పెద్ద ఆఫీసుకు ఏ బస్సు ఎక్కాలో చెప్పి పెట్టేసింది. పుస్తకంలో చూస్తే, ఎవరిదో ప్యాంటు పొడవు కింద ఆ అడ్రసు చక్కగా తన చేతిరాతలో ఉంది. కొట్టేద్దామనుకునేలోపు స్కూలు యూనిఫారాల మూట వచ్చింది. మర్చిపోయింది.

మర్నాడు ఒక మగగొంతు. మర్యాదగా మాట్లాడింది. ఒక పార్సిలు నంబరు చెప్పి, అది ఏ అడ్రసుకు వెళ్తుందో కాస్త చూసిపెట్టమంది. "మా ఆవిడదే అమ్మా. అడ్రసు తప్పు రాశామేమోనని."

జిప్పులక్క తన పాట తను పాడింది. అతను నమ్మలేదు. గంటకు మళ్ళీ చేశాడు. ఆ రోజు తొమ్మిదిసార్లు చేశాడు. ఒకసారి బతిమాలాడు, ఒకసారి గొంతు పెంచాడు, ఒకసారి ఏడ్చినంత పని చేశాడు. ఆమెకు ఆరోగ్యం బాగాలేదని, తోచింది తోచినట్టు చేస్తుందని, చిన్నపిల్లను తీసుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయిందని, వాళ్ళకేమైనా అవుతుందేమోనని తిండి సహించడం లేదని చెప్పాడు. తొమ్మిదో ఫోనుకు జిప్పులక్కకు కూడా ఏది నిజమో తెలియలేదు. అలసిపోయింది. ఒక్క ముక్క చెప్పేస్తే ఈ గొడవ వదిలిపోతుంది కదా అని ఒక క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత కలిగింది. అతను చెప్పేది నిజమే అయినా, ఆ అడ్రసు తనది కాదు. ఇంకొకరి దాన్ని తను ఎలా ఇస్తుంది?

మూడోరోజు మధ్యాహ్నం అతను షాపుకే వచ్చాడు. మ్యాపు దారి చూపించింది మరి.

ముందు ఆమె బట్టలు చూసింది, మనిషిని తర్వాత చూసింది. అది ఆమె వృత్తి. లేత నీలం చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. ఎడమ మణికట్టు దగ్గర గుండీ మాత్రం వేరే రంగు దారంతో ఎవరో చేతకాని చేత్తో కుట్టుకున్నారు. గోడ మీది పాత బోర్డు మరక వంక, మిషను వంక, వేలాడుతున్న కోట్ల వంక చూశాడు.

"నిజంగానే టైలరు షాపా" అన్నాడు.

"మూడురోజుల నుంచి అదే కదా బాబూ చెప్తున్నాను."

"కాని మా ఆవిడ మీకు ఫోను చేసుంటుంది. తప్పకుండా చేసుంటుంది. నాకు దొరికిన నంబరే తనకీ దొరుకుతుంది."

జిప్పులక్క చూపు పక్కకు పోయింది. కొలతల పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. అతని వైపు తలకిందులుగా ఉంది గాని, తలకిందులైతే మాత్రం చదవలేని మనిషి ఎవరు? చేతిలో ఉన్న ప్యాంటును ఆ పుస్తకం మీద పరిచి, అంచుకు గుండుసూదులు గుచ్చడం మొదలుపెట్టింది. ఒకటి వేలికి దిగింది. పైకి తెలియనివ్వలేదు.

"ఆ పుస్తకంలో ఏం రాస్తారు?" అన్నాడు.

"నడుములు."

"పార్సిళ్ళు రాయరా?"

"నడుములు రాస్తాను, చేతుల పొడుగు రాస్తాను, ఎప్పుడిస్తానన్నది రాస్తాను. నీకేమైనా కుట్టాలంటే నీదీ రాసుకుంటాను. నిలబడు, కొలుస్తా." మెడలోంచి టేపు తీసింది.

అతను అడుగు వెనక్కి వేశాడు. ఆమె కళ్ళలోకి కాసేపు చూశాడు. అప్పుడే స్కూలు యూనిఫారం కోసం ఒక తల్లి లోపలికి వచ్చి, దారికి అడ్డంగా ఉన్న అతన్ని "కాస్త జరుగుతారా" అంది. అతను జరిగాడు, మెట్లు దిగాడు. ఇంటికి పోలేదు. ఎదురుగా బస్‌స్టాపులో కూర్చున్నాడు. నాలుగు బస్సులు వచ్చి వెళ్ళాయి, లేవలేదు.

యూనిఫారం ఆవిడ వెళ్ళాక జిప్పులక్క షాపు వెనకగోడకు ఆనుకుని, వచ్చిన ఫోన్లలో వెతికి వెతికి ఆ అమ్మాయికి చేసింది.

"నేను టైలర్ని. మొన్న పొరపాటున చేశావు చూడు. నువ్వు ఇటువైపు రాకు. మీ ఆయన ఇక్కడ కూర్చున్నాడు."

అవతల ఏదో గిన్నె కిందపడిన చప్పుడు. "ఆయనకు ఎలా తెలిసింది? నేను ఎవరికీ చెప్పలేదండీ. మా అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

ఎలా తెలిసిందో సాయంత్రం తేలింది. కూతురు పని నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ అమ్మాయితో ఫోనులో కూర్చుంది. పార్సిలు పంపేటప్పుడు ఫారంలో తీసుకునేవాళ్ళ మెయిల్ అడిగితే, అక్క చెల్లెలి పాత మెయిల్ రాసింది. పాపం, ఆమెకు తెలిసింది అదొక్కటే. పార్సిలు బ్రాంచికి చేరిందని దానికి కబురు వచ్చింది.

"ఆ మెయిల్ ఇంకెక్కడైనా తెరిచి ఉందేమో చూద్దాం. సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. మీ అకౌంటు ఏయే ఫోన్లలో ఉందో వరసగా కనబడుతుంది. కనబడిందా? చదవండి" అంది కూతురు.

"నా ఫోను. ఇంకోటి... టాబ్లెట్. పాప బొమ్మలు చూసేది. ఆ ఇంట్లోనే వదిలేసి వచ్చాం. చివరిసారి వాడింది..." ఆ అమ్మాయి ఆగిపోయింది. "ఇవాళ పొద్దున."

జిప్పులక్క పక్కనే కూర్చుని వింటూ, తెలియకుండానే తన కొంగు అంచును మెలిపెడుతోంది.

కూతురు గొంతు మారనివ్వలేదు. కళ్ళజోళ్ళ షాపులో కంటిచూపు తగ్గిందని తెలిసి బెంబేలెత్తేవాళ్ళతో మాట్లాడే గొంతే అది. ముందు టాబ్లెట్‌ను అకౌంటులోంచి తీసేయించింది. తర్వాత పాస్‌వర్డ్ మార్పించింది. "పాప పుట్టినరోజు పెట్టకండి. ఆయనకు తెలిసిందేదీ పెట్టకండి. ఏం పెట్టారో నాకు కూడా చెప్పకండి." వేరే ఏ ఫోనులోనైనా ఎవరైనా తెరవబోతే ముందు ఈమె ఫోనుకు నంబరు వచ్చేలా పెట్టించింది. మీరు ఎక్కడున్నారో ఎవరికి కనబడుతోందో చూడమంటే, ఆ జాబితాలో భర్త పేరు ఇంకా ఉంది. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో, ఆలస్యమైతే కంగారుపడకుండా ఉంటాడని ఆమే పెట్టిందట. ఇల్లు వదిలాక కొన్న కొత్త ఫోనులో అది పనిచెయ్యడం లేదు గనక అతనికి ఇల్లు దొరకలేదు. అదీ తీసేయించింది. బ్యాంకు, పాప స్కూలు యాప్, ఫొటోలు, ఒక్కొక్కటే. గంటన్నర పట్టింది.

"నేను తాళం మార్పించానండీ, రెండుసార్లు" అంది ఆ అమ్మాయి చివర్లో. "ఇది గుర్తురాలేదు."

ఆ రాత్రి అన్నాలు ముగిశాక జిప్పులక్క కొలతల పుస్తకం ముందేసుకుని మొదటి నుంచి తిరగేసింది. అంతా తన చేతిరాతే. పద్నాలుగు పేజీల్లో, భుజాలకూ చేతులకూ మధ్య, జనం ఇళ్ళ నంబర్లు, ఫోను నంబర్లు, ఒకచోట కార్డు అంకెలు సగం దాకా. ఎన్ని నెలలుగా ఈ పుస్తకం తాళంలేని బల్ల మీద పడి ఉంది? ఆమె ఆ పేజీలు చింపి, అందులోని కొలతలు వేరే కాగితం మీద ఎక్కించుకుని, మిగిలింది కత్తెరతో సన్నగా, చాలా సన్నగా కత్తిరించింది. భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేనూ చూస్తుంటాను" అన్నాడు ఆయన. "మీటరు తిరగలేదంటే ఇంట్లో ఎవరూ లేరనే కదా. ఎవరు ఎన్నాళ్ళు ఊళ్ళో లేరో వీధి మొత్తంలో నాకే ముందు తెలుస్తుంది. దొంగకు చెప్తే పండగ చేసుకుంటాడు."

"ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?"

"అడిగారు, ఒకసారి. ఇల్లు అద్దెకు కావాలి, ఏది ఖాళీగా ఉంది అని. మీటర్లు మాత్రమే చూస్తాను, ఇళ్ళు చూడనన్నాను."

ఇద్దరూ నవ్వారు గాని, నవ్వే ఓపిక ఇద్దరికీ అంతగా లేదు.

అతను మరో రెండు రోజులు బస్‌స్టాపులో కనబడ్డాడు. ఆ అమ్మాయి తనున్న వీధి పోలీసు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. జిప్పులక్కా, ఆమె భర్తా వెళ్ళి తాము చూసింది చెప్పారు. ఒక కానిస్టేబులు వచ్చి బస్‌స్టాపులో అతని పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. తర్వాత వచ్చిన బస్సు అతను ఎక్కాడు. అది వెళ్ళిపోయాక కూడా జిప్పులక్క ఆ బెంచీ వంక చాలారోజులు చూస్తూనే ఉండేది.

శుక్రవారం దాటింది. తర్వాతి బుధవారం ఆ అమ్మాయి ఫోను చేసింది. పెద్ద ఆఫీసులో సర్టిఫికెట్లు దొరికాయి, కాని ఆ ఉద్యోగంలో చేరలేదు. ఆయనకు ఊరు తెలిసిపోయాక ఇక్కడ నిద్ర పట్టడం లేదట.

"మొన్ననే గిన్నెలు సర్దుకున్నానక్కా. మళ్ళీ కట్టేస్తున్నాను. పాప కొత్త స్కూలుకు ఇప్పుడిప్పుడే అలవాటు పడింది." ఏడవలేదు. ఏడ్చే దశ దాటిపోయిన గొంతు. "మీ అమ్మాయి చెప్పినవన్నీ చేశాను. మా అక్కకు కూడా నేర్పించాను. ఎక్కడికి వెళ్తున్నానో మీకొక్కరికే చెప్తాను, ఏదైనా అవసరమొస్తే..."

"వద్దమ్మా" అంది జిప్పులక్క. "నాకు చెప్పకు."

"మీరు ఎవరికీ చెప్పరని నాకు తెలుసక్కా."

"చెప్పను. కాని నాకు తెలియకపోతే ఇంకా మంచిది. వెళ్ళిరా. పిల్ల జాగ్రత్త."

ఫోను పెట్టాక చాలాసేపు మిషను తొక్కలేదు. బాబిన్‌లో దారం అయిపోయిందన్న వంకతో కూర్చుండిపోయింది.

ఈ ఫోన్లు ఆగాలంటే నంబరు మార్చక తప్పదని ఆ వారమే తేలిపోయింది. పదహారేళ్ళ నంబరు. ఊళ్ళో సగం మంది ఫోన్లలో జిప్పులక్క అని ఉన్నది అదే. కూతురు ఇంకో మాట చెప్పింది. పాతది వదిలేస్తే ఫోను కంపెనీ దాన్ని కొన్నాళ్ళకు ఇంకొకరికి ఇచ్చేస్తుందట. బ్యాంకు కబుర్లు, అకౌంట్ల కబుర్లు అన్నీ వాళ్ళకు పోతాయి. కాబట్టి ముందు వాటన్నిటికీ కొత్త నంబరు ఇవ్వాలి. అంతవరకూ పాతది ఒక డొక్కు ఫోనులో వేసి, చచ్చిపోకుండా బతికించుకోవాలి. బ్యాంకు, గ్యాసు, కరెంటు, భర్త పెన్షను కాగితాలు అంటూ ఆరు చోట్ల వరసల్లో నిలబడింది. ప్రతిచోటా "నంబరు ఎందుకు మారుస్తున్నారు?" అని అడిగారు. మొదటి రెండుచోట్ల కథంతా చెప్పింది. ఆ తర్వాత "పోయింది" అని ఊరుకుంది.

కొత్త నంబరు షట్టరు మీద రంగుతో రాయించింది. మ్యాపులో మాత్రం పెట్టనివ్వలేదు. ఎప్పుడూ వచ్చేవాళ్ళు కొందరు ఫోను కలవక వేరే టైలర్ల దగ్గరికి పోయారు. నర్సులు వెతుక్కుంటూ వచ్చారు. "ఏంటక్కా, ఫోను తియ్యవు? పోయావనుకున్నాం" అంది ఒకామె. "సగం పోయాను" అని ఆమె కోటు జేబులో చెయ్యి పెట్టి చిరుగు ఎంతుందో చూసింది. పని తగ్గింది. ఫోను కూడా తగ్గింది. మొదటి కొన్నాళ్ళు ఆ నిశ్శబ్దంలో కూడా భుజం దానంతటదే చెవి వైపు లేచేది.

అయిదు నెలలు గడిచాక ఒక ఆదివారం కూతురు జడ వేసుకుంటూ ఫోను చూసి, "అమ్మా, మ్యాపు వాళ్ళు దిద్దేశారు" అంది. 'మీ సవరణకు ధన్యవాదాలు' అని కబురు వచ్చింది. బ్రాంచి పేరు అక్కడి నుంచి తీసేసి పెద్ద ఆఫీసు దగ్గర పెట్టారు. ఫోను నంబరు కూడా మార్చారు.

జిప్పులక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "ఇప్పుడు ఎవరి నంబరు పెట్టారు?"

"ఏదో ఉంది."

"ఏదో అంటే? చేసి చూడు."

"ఇవాళ ఆదివారం కదమ్మా."

"చెయ్యవే. ఎవరి కొంపో చూద్దాం."

కూతురు ఫోను చేసి స్పీకరులో పెట్టింది. మూడుసార్లు మోగి, రికార్డు చేసిన ఆడగొంతు పలికింది. కంపెనీ పేరు చెప్పింది. పార్సిలు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకటి నొక్కమంది, ఫిర్యాదుకు రెండు నొక్కమంది, మీ కార్డు వివరాలు మేము ఎప్పుడూ అడగం అంది. కూతురు కట్ చెయ్యబోతే జిప్పులక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆ గొంతు చెప్పిందంతా చివరిదాకా వింది.

"సరే, పెట్టెయ్" అంది. మడతపెట్టిన దుప్పటి తీసి అల్మారాలో పెట్టింది.